పాతిక కిలోల సర్వో, మూడు ఆంపియర్ల బీఈసీ: ఏడాదిన్నర వాడాక

సర్వో (రిమోట్ కారులో స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు డబ్బా) గురించి రాద్దామని కూర్చున్నాను కానీ, నిజానికి నా కోపమంతా దానికి కరెంటు తెచ్చే తీగ మీద, ఆ తీగ వెనకున్న బీఈసీ మీద. ఈ సర్వో కొన్న మొదటి నెలలో మా ఆదివారం బ్యాచ్‌లో అందరికీ "కళ్లు మూసుకుని కొనేయండి" అని చెప్పింది నేనే. ఇద్దరు నిజంగానే కళ్లు మూసుకుని కొన్నారు, ఆ తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ రాని వారం లేదు.

బండి 1/10 స్కేల్ క్రాలర్ (అసలు బండిలో పదో వంతు సైజులో, రాళ్లెక్కే రిమోట్ కారు), పాతదే, మా బావమరిది డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కి తెచ్చాడు. తిప్పేది ఎక్కువగా ఖాజాగూడ గుట్టల్లో. ఈ పిచ్చి ఉన్నవాడికి హైదరాబాద్‌లో ఉండటం ఒక అదృష్టం. వేరే ఊళ్లలో ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ పేర్చుకుని ట్రాక్ కట్టుకుంటారు, మనకేమో దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉచితం (ఉన్నన్ని రోజులు, అది వేరే బాధ). ఈ రాయి గరుకు, టైరును బాగా పట్టుకుంటుంది. ఎక్కడానికి అది వరమే కానీ స్టీరింగ్‌కి శాపం. టైరు కాస్త జారితే సర్వో బతికిపోతుంది. ముందు చక్రం రెండు బండల మధ్య ఇరుక్కుని అటూ ఇటూ రాయిని నొక్కుతున్నప్పుడు తిప్పాలి చూడండి, అక్కడ తెలుస్తుంది దాని అసలు బలం.

బండితో వచ్చిన సర్వో ఆ ఇరుకులో మూలిగేది తప్ప తిరిగేది కాదు. అందుకని మెటల్ గేర్లున్న 25 కిలోల డిజిటల్ సర్వో ఒకటి ఆన్‌లైన్‌లో 1,350 రూపాయలకు తీసుకున్నాను. బ్రాండ్ పేరు రాయడం లేదు, రాసినా ఉపయోగం లేదు, చూడ్డానికి అచ్చం ఇలాంటివే నాలుగైదు పేర్ల మీద అమ్ముతున్నారు. 25 కిలోలనగానే బియ్యం బస్తా లేపుతుందనుకోకండి. ఇరుసు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో అంత బలం అని అర్థం. హార్న్ (ఇరుసుకి బిగించే చిన్న చేయి) మీద లింక్ (చక్రాల్ని తిప్పే కడ్డీ) బిగించిన రంధ్రం రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాన్ని నెట్టేది 10 కిలోలే. ఆ 25 కూడా 6.8 వోల్టుల దగ్గర రాసిన లెక్క, 5 వోల్టులిస్తే 21 అని దాని కాగితంలోనే ఉంది. ఇదంతా తెలిసే కొన్నాను. తెలియనిది వేరే ఉంది.

మొదటి నెల పండగే. పాత సర్వో మూలిగి ఆగిపోయిన చోటల్లా ఇది ఒక్క ఊపులో తిప్పేసేది. నా "కళ్లు మూసుకుని కొనేయండి" ఉపన్యాసం అప్పటిదే.

ఇక దసరా సెలవుల్లో జరిగింది చెబుతాను. రిమోట్ మా వాడి చేతిలో ఉంది, ఏడో తరగతి, నాకంటే నిదానంగా నడుపుతాడు. నిట్రంగా ఉన్న బండ ఒకటి, దాని కింద వాన నీళ్లు నిలిచిన గుంట. బండి పైదాకా వెళ్లింది, ముందు చక్రం చిన్న చీలికలో పడింది, వాడు స్టీరింగ్ ఎడమకి తిప్పాడు. అంతే. "నాన్నా, చచ్చిపోయింది!" నిజంగానే చచ్చినట్టు ఆగింది, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ లైటు లేదు, ఏమీ లేదు. ఒక సెకను తర్వాత అప్పుడే స్విచ్ వేసినట్టు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే డబ్బా) బీప్ బీప్ అంది. కానీ ఆ సెకనులో మోటారుకున్న బ్రేక్ వదిలేసింది కదా, బండి వెనక్కి దొర్లుకుంటూ పోయి గుంటలో తలకిందులుగా పడింది. నేను ప్యాంటు మడిచి దిగేలోపు బ్యాటరీ సగం మునిగే ఉంది.

తర్వాత రెండు వారాలు నేను చేసిన పనులు రాయాలంటే సిగ్గుగా ఉంది. రిసీవర్‌ని రిమోట్‌తో మళ్లీ బైండ్ చేశాను, అంటే జత కలిపాను. ఆ జబ్బు పోలేదు. కొత్త రిసీవర్ కొన్నాను, 700. పోలేదు. యాంటెనా తీగ మార్చి పెట్టాను. దగ్గర్లో హైటెన్షన్ లైను ఉందేమో, దాని వల్లేమో అని ఒక సిద్ధాంతం కూడా తయారు చేసి బ్యాచ్‌లో అందరికీ వివరించాను. చివరికి సర్వోనే పాడయిందని తేల్చుకుని రెండోది ఆర్డర్ పెట్టాను. అదీ అంతే. అన్నిటికంటే మంట పుట్టించింది ఏంటంటే, ఇంట్లో బల్ల మీద పెడితే ఒక్కసారి కూడా ఆగదు. ఎంత తిప్పినా బంగారంలా పనిచేస్తుంది. గుట్ట మీదికి తీసుకెళితే పది నిమిషాల్లో చస్తుంది.

గుట్టు విప్పింది మా వాడే, అదీ తెలియకుండా. బండి బల్ల మీద ఉంది, ఊరికే ఆటకి ముందు చక్రాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, నేను స్టీరింగ్ తిప్పాను, రెండు మూడు సెకన్లకి రిసీవర్ లైటు ఠక్కున ఆరింది. అప్పటిదాకా నేను బల్ల మీద చేసిన పరీక్షలన్నీ చక్రాలు గాల్లో తిరుగుతుండగా చేసినవి! గాల్లో తిరిగే చక్రానికి ఏం బరువుంటుంది.

మల్టీమీటర్ తెచ్చి రిసీవర్‌లో ఖాళీగా ఉన్న మూడో ఛానల్‌కి పెట్టాను. మామూలుగా 6 వోల్టులు. చక్రం పట్టుకుని తిప్పితే 4.4కి పడింది, లైటు ఆరింది. మల్టీమీటర్ నిదానంగా చూపిస్తుంది కాబట్టి లోపల అంతకంటే కిందికే పడి ఉంటుంది. అంటే రిసీవర్ తప్పు కాదు, సర్వో తప్పూ కాదు, రెండింటికీ తిండి అందడం లేదు.

నా ఈఎస్‌సీ మీద పెద్దక్షరాలతో 60 ఆంపియర్లని ఉంది. అది మోటారుకి. సర్వోకీ రిసీవర్‌కీ బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే బీఈసీ దాని లోపలే ఉంటుంది, దాని సంగతి డబ్బా వెనక చిన్నక్షరాల్లో: 6 వోల్టులు, 3 ఆంపియర్లు. సర్వో కాగితంలో స్టాల్ కరెంట్, అంటే ఇరుక్కుని తిరగలేకపోతున్నప్పుడు లాగే కరెంటు, 2.3 ఆంపియర్లు అని ఉంది. లెక్క ప్రకారం సరిపోవాలి. ఎందుకు సరిపోలేదంటే, నా ఈఎస్‌సీలో ఉన్నది లీనియర్ రకం. బ్యాటరీ వోల్టేజీలో 6 వోల్టులు పోగా మిగిలినదంతా వేడి చేసి పారేస్తుంది. 2ఎస్ (రెండు సెల్లుల) బ్యాటరీ పెడితే ఆ మిగులు సగటున వోల్టున్నర లోపే, 3ఎస్ (మూడు సెల్లులది) పెడితే 5 వోల్టులు. 2 ఆంపియర్లు లాగితే 10 వాట్ల వేడి, వేలి గోరంత చిప్‌లో. వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు మొదటి నెల పొగడ్తల సంగతి. ఆ నెలంతా నేను నడిపింది 2ఎస్ మీద. స్పీడు చాలడం లేదని మా వాడు గోల చేస్తే 3ఎస్ కొన్నది దసరాకి ముందు వారం. అంటే నేను మెచ్చుకున్నది సర్వోని కాదు, 2ఎస్ బ్యాటరీని.

మొదట చవకలో పోదామని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్, 16 వోల్టులది అడిగాను. కొట్టు అబ్బాయి "హోమ్ థియేటరా సార్, మొత్తం తీసుకురండి, నేను చేసిస్తా" అన్నాడు. బొమ్మ కారుకని చెప్పడానికి నోరు రాలేదు. సర్వో ప్లగ్గుకి టంకం పెట్టి ఖాళీ ఛానల్‌లో గుచ్చాను. కొంత నయమైంది, క్షణంలో పోయే కుదుపులకి ఆగడం మానేసింది. కానీ చక్రం నిజంగా ఇరుక్కుని రెండు సెకన్లు పట్టిందంటే మళ్లీ అదే కథ. కెపాసిటర్ బిందెలో నీళ్ల లాంటిది, కుళాయే సన్నంగా వస్తుంటే బిందె ఎంతసేపు ఆదుకుంటుంది.

చివరికి డ్రోన్ల సామాన్లమ్మే చోట 650 రూపాయలు పెట్టి విడిగా ఒక బీఈసీ కొన్నాను, స్విచ్చింగ్ రకం, అంటే మిగులు వోల్టేజీనంతా వేడి చేసి పారేయనిది. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బా, స్టిక్కర్ కూడా వంకరగా అతికించి ఉంది. 10 ఆంపియర్లని రాశారు, నేను సగమే నమ్ముతాను, సగమైనా నాకు చాలు. ఒక వైపు నేరుగా బ్యాటరీకి, రెండో వైపు రిసీవర్‌కి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు తీగల్లో ఎర్రదాన్ని మాత్రం ప్లగ్గులోంచి లాగేసి టేపు చుట్టాలి, రెండు బీఈసీలు ఒకదాని మీద ఒకటి కరెంటు తోసుకోకుండా. నల్ల తీగని ముట్టుకోవద్దు, అది తీస్తే సిగ్నల్ సరిగ్గా అందకపోవచ్చు. నేను తీగ కొయ్యలేదు, పిన్నుని సూదితో లేపి బయటికి లాగాను, రేపు అవసరమైతే మళ్లీ పెట్టుకోవచ్చు.

మరుసటి ఆదివారం అదే బండ, అదే చీలిక, 3ఎస్ బ్యాటరీ. తిప్పాడు. చక్రం రాయిని గీరుకుంటూ కొద్దికొద్దిగా తిరిగింది, బండి ముక్కు ఎడమకి వచ్చింది, ఎక్కేసింది. లైటు ఆరలేదు. కొత్త బండి కొన్నప్పుడు కూడా నాకంత సంతోషం లేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ చావు చావలేదు.

ఆ కొత్త బీఈసీ డబ్బా మీద వోల్టేజీ మార్చే చిన్న జంపర్ ఉంటుంది: 6, 7.4, 8.4. నా మాట విని సర్వో కొన్న ఇద్దరిలో ఒకాయన బీఈసీ కూడా కొని, ఎక్కువిస్తే ఎక్కువ బలమని 8.4లో పెట్టాడు. 6.8కి మించకూడదని రాసి ఉన్న సర్వో అది. పది నిమిషాల్లో వాసన, తర్వాత పొగ. హెచ్‌వీ (హై వోల్టేజ్) అని రాసి 8.4 దాకా తట్టుకుంటాయన్నవి వేరే ఉన్నాయి, వాటిని 2ఎస్ మీద నేరుగా పెట్టుకోవచ్చు.

సర్వో విషయానికొస్తే, ఏడాదిన్నర అని పైన పెట్టాను కానీ మొదటిది బండిలో ఉన్నది పద్నాలుగు నెలలే. ఛాతీ ఎత్తు రాయి మీద నుంచి ముందు చక్రం మీద పడినప్పుడు లోపల ఒక గేరు పన్ను విరిగింది. ప్లాస్టిక్ హార్న్ తీసేసి అల్యూమినియం హార్న్ వేసింది నేనే, సర్వో సేవర్ (దెబ్బని మింగే స్ప్రింగు భాగం) కూడా లేదు, మరి దెబ్బంతా గేర్లకే పోతుంది. హార్న్ కొనేటప్పుడు 25 పళ్లదా 24 పళ్లదా చూసుకోండి, హైటెక్ కంపెనీవి చాలావరకు 24, ఈ చవక రకాలు ఎక్కువగా 25. విరగకముందే గేర్లలో ఆట (వదులు) కూడా మొదలైంది, నేరుగా పోనిస్తే కొద్దిగా పాములా పోయేది. క్రాలర్ స్పీడుకి అది పెద్ద లెక్క కాదు, నాకైతే చిరాకే. వాటర్‌ప్రూఫ్ అని రాసిన మాట కూడా సగం నిజం. గుంటలో పడ్డ రోజు బాగానే ఉంది, రెండు రోజులకి బిగుసుకుంది. విప్పి ఆరబెట్టి గ్రీజు పెడితే లేచింది.

ఇప్పుడు బండిలో ఉన్నది అప్పట్లో అనవసరంగా ఆర్డర్ పెట్టిన రెండోది. తీరా చూస్తే అది 270 డిగ్రీల రకం, మొదటిది 180. మామూలు రిమోట్ సిగ్నల్‌కి మొదటిది మొత్తం మీద ఓ 90 డిగ్రీలు తిరిగితే ఇది 135 తిరుగుతుంది. రిమోట్‌లో ఎండ్ పాయింట్లు (సర్వో ఎంతదాకా తిరగాలో పెట్టే హద్దులు) తగ్గించకపోతే చక్రాలు చివరికి వచ్చినా ఇంకా నెడుతూనే ఉంటుంది, ఇరుక్కున్నట్టే కరెంటు లాగుతుంది. చెవి దగ్గర పెట్టుకుని వింటే తేనెటీగలా ఝుమ్మని తెలుస్తుంది. తిట్టుకుంటూ బిగించాను, తర్వాత తట్టింది: ఎక్కువ తిరుగుతోంది కదా, లింక్‌ని హార్న్ లోపలి రంధ్రానికి మార్చవచ్చు. 24 మిల్లీమీటర్ల నుంచి 18కి తెచ్చాను. చక్రాలు దాదాపు అంతే తిరుగుతున్నాయి, నెట్టే బలం కాగితం మీది 25 లెక్కన 10 కిలోల చిల్లర నుంచి 14 దగ్గరికి వచ్చింది. పొరపాటున దొరికిన లాభం, చిన్న చిన్న దిద్దుళ్లకి మాత్రం స్టీరింగ్ కాస్త మొరటుగా ఉంది.

మరి కొనొచ్చా అంటే, నేను నెలకి రెండు ఆదివారాలు నిదానంగా తిప్పేవాణ్ని, 1.9 అంగుళాల రిమ్ముకి వేసే టైర్లు, బండి మూడు కిలోల లోపు. నాకు 1,350కి 650 కలిపి రెండు వేలు దండగనిపించలేదు. మీది పెద్ద టైర్ల బండి అయితే, వారం వారం పందేలాడితే, నా మాట పట్టుకోకండి. 2ఎస్ మీదే నడిపేవాళ్లకి బీఈసీ ఖర్చు కూడా అక్కర్లేకపోవచ్చు. మా బ్యాచ్‌లో ఒకాయన హాబీవింగ్ 1080 అనే ఈఎస్‌సీ వాడతాడు, అందులో బీఈసీ స్విచ్చింగ్ రకమే, ఇదే సర్వోతో 3ఎస్ మీద ఆయనకి ఏ గొడవా లేదు, నా కథ విని నవ్వుతాడు.

రెండో సర్వోలోనూ పోయిన వారం నుంచి చిన్న కరకర మొదలైంది. దీపావళి ఆఫర్లలో 1,100కి దిగితే మూడోది ఇదే కొంటానేమో. బావమరిది డిసెంబరులో వస్తున్నాడు, సూట్‌కేసులో జాగా ఉంటుందో లేదో ఇంకా అడగలేదు.