నవాహో నేల చూడాలంటే పేజ్‌లో దిగొద్దు, చిన్లీ వెళ్లండి

నవాహోలంటే అమెరికా మూలవాసుల్లో ఒక తెగ. 'నవాహో సంస్కృతి' అని పేరు పెట్టి అరిజోనాలోని పేజ్ ఊళ్లో విద్యార్థి బృందాలకు అంటగట్టే ఒక్కరోజు ప్యాకేజీలు శుద్ధ దండగ. యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతిలోయలో ఫొటోలు, ఓ నగల దుకాణం, తిరుగు బస్సు. ఒక్క నవాహో ఇంటి గడపైనా తొక్కరు. సాయంత్రానికి పిల్లలంతా ఫోన్లలో తలలు దూర్చేసి ఉంటారు.

ఆ డబ్బేదో నవాహో నేల మీదే ఉన్న చిన్లీ ఊళ్లో ఖర్చుపెట్టండి. అక్కడి కాన్యన్ డ షే లోయ అంచు రోడ్ల మీద ఎవరి కారులో వాళ్లు ఉచితంగా తిరగొచ్చు. లోయ అడుక్కి దిగాలంటే మాత్రం అనుమతి ఉన్న నవాహో గైడ్ ఉండాల్సిందే. అక్కడ ఇప్పటికీ కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి మరి. 1864లో అమెరికా సైన్యం నరికేసిన పీచ్ తోటలు, నవాహోలను వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్క్ రెడోండో నిర్బంధ శిబిరంలో పడేయడం, 1868 ఒప్పందంతో తిరిగి రావడం... ఇవన్నీ ఆ ఇసుకలో నిలబడి వినాలి. జులై, ఆగస్టు వద్దు. వాన పడితే వాగు పొంగుతుంది, ఇసుక ఊబవుతుంది, టూర్ రద్దు. సెప్టెంబరు చివర, అక్టోబరు మేలు.

బృందాలు ఎక్కువగా దెబ్బతినేది గడియారం దగ్గర. అరిజోనా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపదు, నవాహోల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్ జరుపుతుంది. ఫీనిక్స్‌లో ఎనిమిదంటే చిన్లీలో తొమ్మిది. మధ్యలో ఉన్న హోపీ అనే మరో తెగ ఊళ్లలో మళ్లీ ఎనిమిదే! పేజ్‌లోనూ అరిజోనా టైమే. ఫోను మాటిమాటికీ మారిపోతుంది కాబట్టి బుక్ చేసేటప్పుడే 'ఏ టైము' అని అడిగి రాసుకోండి.

బస హోగన్‌లో, అంటే నవాహోల సంప్రదాయ ఇంట్లో, అయితేనే పెట్టుకోండి. తూర్పు వాకిలి, మట్టి నేల, నడుమ కట్టెల పొయ్యి. లోపలికెళ్లాక సవ్యదిశలోనే తిరగాలి. మరుగుదొడ్డి బయట ఉంటుంది, రాత్రి చలి కొరుకుతుంది. పిల్లల సణుగుడుకు సిద్ధపడండి. ఇంటివాళ్లు పరిచయం చేసుకునేటప్పుడు ముందు తల్లి క్లాన్ (వంశం), తర్వాత తండ్రి క్లాన్, ఆపైన తాతలవి చెబుతారు. మన గోత్రం తండ్రిది, వాళ్ల క్లాన్ తల్లిది. ఒకే క్లాన్‌లో పెళ్లి మాత్రం వాళ్లకూ కుదరదు. కొయోటీ (నక్కలాంటి జంతువు) కథలు చెప్పమని వేసవిలో అడగొద్దు, అవి చలికాలానివి.

తిండి మటన్ స్టూ, ఫ్రైబ్రెడ్ (నూనెలో వేయించిన రొట్టె). శాకాహారులు జునిపర్ చెట్టు బూడిద కలిపి కాచే నీలి మొక్కజొన్న జావ కావాలని ముందే చెప్పాలి. మద్యం ఈ నేల మీద నిషేధం, డబ్బాలో దాచి తేవొద్దు. మాన్యుమెంట్ వ్యాలీ కూడా చూస్తే తలకు 8 డాలర్లు. అది నవాహోల సొంత పార్కు కాబట్టి నేషనల్ పార్కుల పాస్ చెల్లదు.