ఐదున్నర లోపు హైటుకి ఏ స్పోర్ట్స్ బైక్ మేలు: ఆర్15, జిక్సర్ ఎస్ఎఫ్ 250, ఆర్ఆర్ 310?

పర్లాకిమిడి, గుణుపురం వైపు కుర్రోళ్ళు స్పోర్ట్స్ బైక్ కొనాలనుకోగానే ముందు అడిగేది "అన్నా సీటు హైటు ఎంత, నాకు కాలు అందుతాదా" అనే. అడగాల్సిందే, కానీ ఆ ఒక్క నంబరు చూసి బండి తేల్చేయకండి.

యమహా ఆర్15 వీ4 సీటు 815 ఎంఎం, సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250ది 800, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310ది 810. కాగితం మీద చూస్తే పొట్టిగా ఉన్నోళ్ళకి జిక్సరే అనిపిస్తాది. నేను మాత్రం ఆర్15 అంటాను, ఎందుకంటే దాని బరువు 142 కిలోలు దగ్గర, జిక్సర్ 161, ఆర్ఆర్ 174. ఆర్15కీ జిక్సర్‌కీ సీటు తేడా ఒకటిన్నర సెంటీమీటరు, అది కాస్త మందం సోలున్న షూ వేసుకుంటే పోతాది, 19 కిలోల తేడా ఏ షూతోనూ పోదు. పైగా ఆర్15 సీటు టాంకు దగ్గర సన్నంగా ఉంటాది, కొంచెం ముందుకి జరిగి కూర్చుంటే కాలు తిన్నగా కిందకి దిగుతాది, సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి విచ్చుకుని ఉన్న పొడవు కూడా కిందకి రాదు.

బరంపురంలో షోరూం టైల్స్ మీద బండెక్కితే అందరికీ అందినట్టే ఉంటాది. అసలు పరీక్ష తప్తపాణి ఘాటీలోనో, సాలూరు నుంచి కొరాపుట్ పోయే సుంకి ఘాటీలోనో. ముందు లారీ ఆగిపోయింది, మీరు ఎత్తు మీద మలుపులో ఆగారు, బండి వెనక్కి జారకుండా కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి, ఇక నేల మీద ఉండేది ఎడమ కాలొక్కటే, అటు చూస్తే రోడ్డు అంచుకి వాలి ఉంటాది, దాని మీద కంకర. షోరూంలో అందిన కాలు అక్కడ ఇంకో అంగుళం కిందకి వెతుక్కోవాలి. అందుకే టెస్ట్ రైడ్‌లో రెండు కాళ్ళూ ఆనాయా అని చూడకండి, కుడి కాలు బ్రేకు మీద పెట్టి, వెనక ఫ్రెండుని ఎక్కించుకుని, ఎడమ పాదం ముందు భాగమంతా గట్టిగా ఆనిందా చూడండి. వెనకోడు ఎక్కితే స్ప్రింగు నొక్కుకుని సీటు కాస్త దిగుతాది గానీ, స్పోర్ట్స్ బైకుల్లో వెనక సీటు బాగా ఎత్తు, బండి ఒక పక్కకి ఒరిగితే ఆ బరువంతా ఆపాల్సింది మీ ఒక్క కాలే.

ఇంట్లోనే ఒక కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పైదాకా పెట్టి, నేల నుంచి కొలవండి. 76 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ఆర్15 సీటు 81.5కి ఐదున్నర సెంటీమీటర్లు తేడా. కూర్చున్నాక సస్పెన్షన్ దిగడం, షూ సోలు కలిసి అందులో చాలా వరకు తీరుస్తాయి, మిగతాది మడమ కొంచెం లేస్తే సరిపోతాది.

జిక్సర్‌ని తీసిపారేయడం లేదు. హ్యాండిల్ ఎత్తుగా ఉంటాది కాబట్టి బరంపురం నుంచి విశాఖ దాకా హైవేలో నడుమూ మణికట్టూ హాయిగా ఉంటాయి, ఆర్15 మీద అంత దూరం వంగి పోతే చేతులు పట్టేస్తాయి. ఎడమ మడమ కూడా నేలకి ఆనేటోళ్ళు జిక్సరే తీసుకోండి. ఆర్ఆర్ 310 ఇంజిన్ అంటే నాకు చాలా ఇష్టం, కదిలాక బరువే తెలీదు, కానీ సందులో పల్లానికి ముందు చక్రం పెట్టి ఆపి, మళ్ళీ కూర్చునే వెనక్కి నెట్టాలంటే ముని వేళ్ళతో అయ్యే పని కాదు. ఐదు ఎనిమిది దాటినోళ్ళకైతే కళ్ళు మూసుకుని చెప్తాను.

కాలు కొద్దిలో అందకపోతే సీటు ఫోమ్ కోయించడం మేలా, లోయరింగ్ లింకు (వెనక సస్పెన్షన్‌కి వేసి బండిని కిందకి దించే పట్టీ) మేలా అంటే ముందు ఫోమే. టాంకు దగ్గర రెండు పక్కలా అంచులు చెక్కిస్తే చాలు, మధ్యలో మరీ తీసేస్తే కింద ప్లాస్టిక్ గుచ్చుకుంటాది. లింకు వేస్తే వెనక దిగిపోయి మలుపుల్లో బండి తిరిగే తీరే మారిపోతాది, స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతాది, సైడు స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి కాస్త తగిలినా కుడి పక్కకి పడిపోతాది. లింకు తప్పదనుకుంటే స్టాండు కూడా అదే రోజు కోయించి వెల్డింగ్ పెట్టించండి.