కోస్తా బ్లాంకాలో మూడు కొండలు, మా బావ మోకాలు

విశాఖలో పుట్టి పెరిగినవాడికి సముద్రం పక్కన కొండ వింత కాదు. అందుకే స్పెయిన్ తూర్పు తీరంలో, కోస్తా బ్లాంకా అనే చోట కొండలెక్కుదామని నేనంటే మా బావ పెదవి విరిచాడు. "యారాడ కొండ చూసినవాడికి ఇంకేం చూపిస్తావురా?" అని. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై, అక్కతో కలిసి ఫిబ్రవరిలో జర్మనీలో మా ఇంటికి వచ్చాడు. కిటికీలోంచి మంచు చూసి చూసి పదో రోజుకి విసిగిపోయాడు. అక్క పిల్లల దగ్గర ఉండిపోయింది. మేమిద్దరం ఆరు రోజులకి అలికాంటె విమానం ఎక్కాం. బావ ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, ముప్పై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా చేసే మనిషి. కాకపోతే ఎడమ మోకాలు రెండేళ్లుగా మొరాయిస్తోంది. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు ఊళ్ల పేర్ల గొడవ ఒకటి చెప్పేయాలి. ఇక్కడ చాలా ఊళ్లకి రెండు పేర్లు: స్థానిక భాష వాలెన్సియన్‌లో ఒకటి, స్పానిష్‌లో ఒకటి. కాల్ప్ అన్నా కాల్పె అన్నా ఒకటే ఊరు. షాబియా, హావెయా కూడా అంతే. ఫోన్ మ్యాప్‌లో ఒక పేరు, రోడ్డు పక్క బోర్డు మీద ఇంకో పేరు కనిపించి మొదటిరోజు మేం ఒక కూడలి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాం.

బస విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. కాల్ప్‌లో సముద్రం ఎదురుగా పదో అంతస్తులో ఫ్లాట్, సీజన్ కాదు కాబట్టి చవగ్గా దొరికిందని మురిసిపోయాను. ఆ తీరంలో ఇళ్లు వేసవి కోసం కట్టినవి. నేలంతా టైల్స్, హీటింగ్ ఉండదు. పగలు పదిహేడు డిగ్రీల ఎండలో చొక్కా చేతులు మడిచి తిరిగి, రాత్రి ఇంట్లో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కూర్చున్నాం. ఫ్లాట్ యజమానికి మెసేజ్ పెడితే చిన్న ఫ్యాన్ హీటర్ ఒకటి పంపించి, కరెంటు జాగ్రత్త అన్నాడు. చలికాలంలో వెళ్లేవాళ్లు ముందే "హీటింగ్ ఉందా, అన్ని గదుల్లోనా?" అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆఖరి రెండు రాత్రులు అల్తేయా పాత ఊళ్లో చిన్న హోటల్‌కి మారాం. గది వెచ్చగా, ఊరు ముచ్చటగా ఉంది. తెల్లటి ఇళ్లు, కొండ నెత్తిన నీలం పింగాణీ పెంకుల గుమ్మటాలతో చర్చి. కానీ కారు కింద వదిలి, పెట్టెలు మోసుకుంటూ రాళ్ల మెట్లెక్కాలి. బావ మోకాలికి అదే నాలుగో కొండ. బెనిడోర్మ్‌లో హోటళ్లు ఇంకా చవక, బస్సులూ ఎక్కువే. అయితే ఆ ఆకాశహర్మ్యాల మధ్య నిద్రపోవడానికి ఇంతదూరం రావడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మొదట ఎక్కింది అన్నిటికన్నా ఎత్తైనది, పుయిగ్ కాంపానా. 1,400 మీటర్లు దాటుతుంది. బెనిడోర్మ్ వెనకాల నిలబడి ఉంటుంది, నెత్తిన కత్తితో తీసినట్టు చదరపు గాటు ఒకటి కనిపిస్తుంది. రోల్దాన్ అనే వీరుడి ప్రియురాలు ఆ రోజు సూర్యుడి చివరి కిరణం పోగానే చనిపోతుందని తెలిసి, వెలుగు ఇంకాసేపు నిలవాలని అతను కొండని నరికాడట. ఆ ముక్క దొర్లి సముద్రంలో పడి బెనిడోర్మ్ ద్వీపమైందట. కింద బీచ్‌లో నిలబడి గాటునీ ద్వీపాన్నీ మార్చి మార్చి చూస్తే కథ నమ్మబుద్ధేస్తుంది.

ఫినెస్ట్రాట్ ఊరి పైన ఫోంట్ దెల్ మొలీ అనే ఊట దగ్గర దారి మొదలు. వరసగా కుళాయిలు, ఊరివాళ్లు క్యాన్లు తెచ్చి నీళ్లు పట్టుకుంటూ ఉంటారు. మీరూ పట్టుకోండి, మనిషికి రెండు లీటర్లు. పైన చుక్క దొరకదు, నీడా ఉండదు. అక్కడినుంచి వెయ్యి మీటర్లకి పైగా ఎక్కుడు. దూరపు కొండలు నునుపు అన్నది ఈ కొండని చూసే పుట్టిందేమో! కింద పైన్ చెట్లు, రోజ్‌మేరీ వాసన, బాగానే ఉంటుంది. సగం దాటాక వాలంతా వదులు రాళ్లే. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. ఎక్కడానికి మూడున్నర గంటలు, దిగడానికి మూడు గంటలు పట్టింది. దిగేటప్పుడు బావ ఒక్క మాట మాట్లాడలేదు, అది మంచి సంకేతం కాదు.

మరి పైనుంచి సముద్రం? అదే చెప్పాలి. కనపడింది, చాలా కనపడింది. కానీ తీరం పది కిలోమీటర్ల లోపే ఉన్నా, ఆ ఎత్తు నుంచి సముద్రం ఆరేసిన నీలం చీరలా కదలకుండా ఉంది. అలల్లేవు, చప్పుడు లేదు. బెనిడోర్మ్‌లోని 186 మీటర్ల గ్రాన్ బాలీ హోటల్ అగ్గిపెట్టె నిలబెట్టినట్టుంది. లోపలి వైపు మాత్రం, జిల్లాలో అన్నిటికన్నా ఎత్తైన అయితానా వరకూ పరుచుకున్న కొండల వరస బ్రహ్మాండంగా ఉంది. కొండలు చూడాలంటే ఇది ఎక్కండి. సముద్రం కోసమైతే వద్దు.

ఒక రోజు విశ్రాంతి తర్వాత ఇఫాక్. కాల్ప్ తీరం నుంచి సముద్రంలోకి పొడుచుకువచ్చిన ఒంటి సున్నపురాయి గుండు, 332 మీటర్లు. కాళ్ల దగ్గర ఊరు, ఊరి పక్కనే పాత ఉప్పుమడుల చెరువు, అందులో గులాబీ రంగు ఫ్లెమింగోలు. "ఇవి మన పులికాట్‌కి వచ్చేవే కదరా" అన్నాడు బావ. నిజమే, అదే జాతి. 1987 నుంచి ఈ కొండ ప్రకృతి ఉద్యానవనం. టికెట్ లేదు గానీ, శిఖరానికి వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, రోజుకి 300 మందికే. మేం చేసుకున్నాం కాబట్టి వెళ్లగలిగాం. మా ముందున్న ఒక కుటుంబాన్ని అక్కడి సిబ్బంది దారి మధ్యలోని సొరంగం దాకా పోయి వెనక్కి రమ్మన్నారు. ఆ పని శాంతంగా, నవ్వుతూ చేశారు, అది నచ్చింది.

ఆ సొరంగం 1918లో తవ్వారు. అంతవరకు దారి పిల్లలు కూడా నడిచేట్టు ఉంటుంది. సొరంగంలో నేల మాత్రం లక్షల కాళ్లు పడి పాలరాయిలా నున్నగా అయిపోయింది, పట్టుకోవడానికి పక్కన తాడు ఉంటుంది. బూటు అడుగు అరిగిపోయి ఉంటే అక్కడే ఆగిపోండి. బయటపడ్డాక అసలు కొండ: కొన్నిచోట్ల గొలుసులు పట్టుకుని, ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు నేరుగా నీళ్లు. ఇక్కడ సముద్రం ఊపిరి పీల్చడం వినపడుతుంది. పడవ పోతుంటే దాని వెనకాల నురగ గీత కనపడుతుంది. శిఖరం మీద పులిహోర డబ్బా మూత తీశామో లేదో కొంగంత సముద్రపు కాకులు నాలుగు వచ్చి చుట్టూ నిలబడ్డాయి. మనిషి అంటే బొత్తిగా భయం లేదు. పులిహోర డబ్బాని వొళ్లో పెట్టుకుని, చేత్తో మూస్తూ తిన్నాం. రానూపోనూ మూడు గంటలు. తక్కువ శ్రమకి ఎక్కువ సముద్రం కావాలంటే దీన్ని మించింది లేదు. ఇబ్బందల్లా జనం: ఇరుకు దారిలో ఎదురొచ్చేవాళ్ల కోసం ఆగడమే సగం సమయం.

కొండలెక్కలేని పెద్దవాళ్లు, తోపుడు బండిలో పిల్లలు ఉంటే ఆల్బీర్ లైట్‌హౌస్ దారి పట్టండి. సెర్రా జెలాదా అనే కొండల వరస అంచున, రానూపోనూ ఐదు కిలోమీటర్లు, తారురోడ్డే.

తిండి గురించి రెండు ముక్కలు. మధ్యాహ్నం రెండింటికి ముందు భోజనం అడిగితే వింతగా చూస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా వంటగది తెరవరు. కొండ దిగి ఐదింటికి ఆకలేస్తే కాఫీ, బ్రెడ్డే గతి. మెనూ దెల్ దియా అనే మధ్యాహ్నపు పూర్తి భోజనం పదిహేను యూరోల లోపు దొరికింది, ఆ ధరకి జర్మనీలో సూప్ కూడా రాదు. చేపల రసంలో ఉడికించిన అన్నం, అర్రోస్ ఆ బాందా, బావకి తెగ నచ్చేసింది. శనివారం మాత్రం ఆయన నీచు ముట్టడు. "కూరగాయలే" అని చెప్పి తెచ్చిన వంకాయ, మిరపకాయల కాల్పు కూరలో ఉప్పుచేప ముక్కలు తేలాయి. చేప శాకాహారం కాదని విడిగా, మళ్లీ మళ్లీ చెప్పాలి. ఆ రోజు రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనెతో గడిచిపోయింది.

రవాణాకి అలికాంటె నుంచి బెనిడోర్మ్ దాకా ట్రామ్ ఉంది, అక్కడ మారితే అల్తేయా, కాల్ప్ మీదుగా దేనియా వరకు చిన్న రైలు. అల్తేయా, కాల్ప్ మధ్య మస్కరాట్ లోయని దాటే ముక్క కోసమైనా ఒకసారి ఎక్కండి. కాకపోతే కాల్ప్ స్టేషన్ ఊరికి ఎగువన ఉంది, వచ్చేటప్పుడు ఎక్కుడే. మా మూడో కొండ బెర్నియాకి మాత్రం కారు తప్పదు. మేం తీసుకున్న అద్దె కారు కంపెనీ కౌంటర్లో అదనపు బీమా కోసం అరగంట ఒత్తిడి పెట్టింది. వద్దంటే కార్డు మీద పన్నెండు వందల యూరోలు ఆపేసింది, అవి విడిపించుకోవడానికి మూడు వారాలు పట్టింది. క్రెడిట్ కార్డులో అంత ఖాళీ ఉంచుకుని వెళ్లండి.

ఐదో రోజు బెర్నియా. 1,100 మీటర్లు దాటిన పొడవాటి రాతి గోడ. శిఖరం మీది అంచు రాళ్లెక్కడం వచ్చినవాళ్లకే, మేం జోలికి పోలేదు. కొండ చుట్టూ తిరిగే దారి పట్టుకున్నాం, తెలుపు పసుపు గీతల గుర్తు, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. "ఇదీ గిరి ప్రదక్షిణే" అని బావ హుషారైపోయాడు. ఉత్తరం వైపు లోయల్లో బాదం చెట్లు పూసి ఉన్నాయి. కానీ గంటన్నర నడిచినా కళ్లకి ఎదురుగా రాతి గోడే, అవతలి సముద్రం జాడే లేదు. గోడ అడుగున ఒక కన్నం ఉంది. ఫొరాట్ అంటారు, అంటే కన్నమే. పొడవు ఇరవై మీటర్లుంటుంది, వంగితే చాలదు, మధ్యలో మోకాళ్ల మీద పాకాలి. బావ మోకాలిని తలుచుకుని నేను వెనక్కి పోదామన్నాను. ఆయన సంచి నాకిచ్చి, తువ్వాలు మోకాలికి చుట్టుకుని ముందు దూరేశాడు.

నేను పాకుతుంటే ఆయన వీపు వెలుగుకి అడ్డం. ఆ వీపు పక్కకి తొలగింది. అల్తేయా అఖాతం మొత్తం ఒక్కసారిగా ముందుంది, సెర్రా జెలాదా కొసదాకా. మనం నిలబడ్డ ఎత్తులో కింద తోటలు, ఊరు, పడవలు విడివిడిగా తెలుస్తాయి, కుడిచేతి వైపు మమ్మల్ని ఏడిపించిన పుయిగ్ కాంపానా గాటుతో సహా. కొండా సముద్రమూ రెండూ సరిపాళ్లలో ఉన్నది ఇక్కడే. బావ చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి అది మంచి సంకేతమే. తర్వాత, "యారాడకి ఇలాంటి కన్నం ఒకటి తవ్వించాలిరా" అన్నాడు.

అక్కడినుంచి దక్షిణపు వాలు మీద నడిస్తే పాత కోట శిథిలాలు. 1562లో రెండో ఫిలిప్ రాజు కట్టించాడు, కట్టిన యాభై ఏళ్లకే అతని కొడుకు కాలంలో కూల్చేశారు. కూలిన కమాను నీడలో మిగిలిన పులిహోర తిన్నాం, ఇక్కడ కాకులు లేవు. కొండ రెండో కొస చుట్టి నాలుగున్నర గంటలకి కారు దగ్గరికి చేరాం. తాళం తీస్తుంటే, చీకటి పడటానికి ఇంకా ఎంతసేపుందని అడిగాడు బావ. రెండు గంటలన్నాను. "అయితే ఆ కన్నం దాకా మళ్లీ పోయొద్దామా?" అన్నాడు, మోకాలికి చుట్టిన తువ్వాలు ఇంకా విప్పకుండానే.