జైలు గేటు నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) క్లినిక్ దాకా తోడొచ్చే సర్వీసు: నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

హెచ్‌ఐవీ ఉండి జైలు నుంచి విడుదలయ్యేవాళ్లకి మందులు ఆగకుండా చూస్తారు వీళ్లు. లోపల ఉన్నప్పుడు మాత్ర టైముకి చేతికొచ్చేది. బయటికొచ్చాక ఎక్కడ పడుకోవాలి, పని ఎవరిస్తారు అనే టెన్షన్‌లో మాత్ర ఎవరికి గుర్తుంటుంది? మొదటిసారి వచ్చినప్పుడు నా చేతిలో మందులూ లేవు, కాగితమూ లేదు. క్లినిక్‌కి వెళ్తే పాత రికార్డు తెమ్మన్నారు, అందరి ముందూ ఎక్కడి నుంచి వచ్చావని అడిగారు, ఇక మళ్లీ ఆ గడప తొక్కలేదు. మందు ఆపితే వైరస్ కొద్ది వారాల్లోనే పుంజుకుంటుందని తెలుసు, తెలిసీ వెళ్లలేదు. నా ఒక్కడి గోల కాదులెండి ఇది. అమెరికాలోని టెక్సస్ జైళ్ల నుంచి 2004-2007 మధ్య బయటికొచ్చిన 2,115 మందిని గమనిస్తే, పది రోజుల్లోపు మందులు తెచ్చుకున్నది 5 శాతమే, 60 రోజులకి కూడా 30 శాతం.

ఈసారి విడుదలకి నెల ముందే ఒకాయన లోపలికొచ్చి కలిశాడు. ఆయనా జైల్లో ఉండి వచ్చినవాడే, ఆయనకీ హెచ్‌ఐవీ ఉంది, అందుకే ఉపన్యాసాలు లేవు. బయట క్లినిక్‌లో ఇవ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ లెటర్ మీద జైలు పేరు పెద్దక్షరాల్లో ఉంటే, డాక్టరుతో మాట్లాడి మందుల పేర్లు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) మాత్రమే ఉండేలా మళ్లీ రాయించాడు. ఎంత చిన్న పని! కౌంటర్ దగ్గర ఆ కాగితం ఇస్తుంటే నా చెయ్యి వణకలేదు. గేటు దగ్గర నెల రోజుల మందుల డబ్బాతో నిలబడి, మర్నాడు క్లినిక్ క్యూలో నా పక్కనే కూర్చున్నాడు. ఏడు నెలలైంది, వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంత తక్కువకి వచ్చింది.

స్టార్ కోసింది ఎందుకంటే, మూడు నెలలకే ఫోన్లు ఆపేస్తారు. నాకు అద్దె గది పోయింది సరిగ్గా నాలుగో నెలలో. ఆదివారం ఎవరూ ఎత్తరు కూడా.

ఒక్క మాట, వాళ్ల నంబరు కాగితం మీద రాసుకుని ఊరుకోకండి, బట్టీ పట్టండి. విడుదల హడావిడిలో ఆ లెటర్ తప్ప నా మిగతా కాగితాల కవరు లోపలే ఉండిపోయింది.