ఇల్లు అమ్మి బండెక్కాలా, అద్దెకిచ్చి ఎక్కాలా? విశాఖ నుంచి కారవాన్ కాపురం లెక్కలు

స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో, డాక్‌యార్డులోనో చేసి రిటైరయ్యారు. పిల్లలు బయట స్థిరపడ్డారు. ఇంక ఇంత ఇల్లెందుకు, ఓ కారవాన్ కొనుక్కుని దేశం తిరుగుదాం అనుకుంటారు. అనుకోగానే బండి వీడియోలు చూడటం మొదలవుతుంది. బండి నచ్చకపోతే కొంత నష్టానికి అమ్మేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇల్లు అలా కాదు. అందుకే ముందు ఇంటి సంగతి తేల్చుకుందాం.

తాళం, అమ్మకం, అద్దె

తాళం వేసి వెళ్లడం మూడింట్లోనూ చెడ్డ దారి, విశాఖలో అయితే మరీ. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల ఉప్పుగాలికి గ్రిల్స్, కిటికీ బందులు, ఏసీ అవుట్‌డోర్ కాయిల్ మనుషులుండగానే తుప్పు పడతాయి. మూసిన ఇంట్లో వర్షాకాలం పొడుగునా బీరువా వెనక గోడలకి బూజు, చౌకట్లకి చెద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా అద్దాలు పగిలాయి. అలాంటి రోజు ఇంట్లో మనిషి లేకపోతే పగిలిన కిటికీలోంచి నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. పైగా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, జీవీఎంసీ ఇంటిపన్ను, కరెంటు కనీస చార్జీ ఎక్కడా ఆగవు. పైసా రాబడి ఉండదు.

అసలు పోటీ అమ్మకానికీ అద్దెకీ మధ్య. 2008-09లో 20 లక్షలకు కొన్న ఫ్లాట్ 2025-26లో 80 లక్షలకు పోయిందనుకుందాం. కొత్త పద్ధతిలో ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం పన్ను. లాభం 60 లక్షలు కాబట్టి 7.5 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్న ఆస్తికి, మన దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతినీ ఎంచుకోవచ్చు. అందులో ఇండెక్సేషన్ ఉంటుంది: ధరల సూచీ 137 నుంచి 376కి పెరిగింది కాబట్టి కొన్న ధర దాదాపు 54.9 లక్షలుగా లెక్కకొస్తుంది. లాభం 25.1 లక్షలు, దానిమీద 20 శాతం అంటే దగ్గరదగ్గర 5 లక్షలు. రెండింటికీ సెస్ వేరు. ఈ ఉదాహరణలో పాత పద్ధతే రెండున్నర లక్షలు మిగిల్చింది. ఈమధ్యే కొని, ధర బాగా పెరిగిన ఫ్లాట్‌కి లెక్క తిరగబడుతుంది. ఆడిటర్‌తో రెండు రకాలుగానూ వేయించండి.

చాలామంది "ఇకనుంచి కారవానే మా ఇల్లు, ఆ డబ్బు దానిమీద పెడితే పన్ను ఉండదు కదా" అనుకుంటారు. ఉంటుంది. మినహాయింపు నివాస గృహానికే, వాహనానికి కాదు. అమ్మిన రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను తగ్గుతుంది. లేదంటే ఆరు నెలల్లోపు ఆర్ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల బాండ్లలో 50 లక్షల దాకా పెట్టొచ్చు, అవి అయిదేళ్లు కదలవు. బండి కాపురం పడుతుందో లేదో తెలియని వాళ్లకి ఆ రెండేళ్లే ఉపయోగం. లాభం సొమ్మును రిటర్ను గడువులోపు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచితే, రెండేళ్లలో వెనక్కొచ్చి ఇల్లు కొనుక్కున్నా పన్ను పడదు. ఆ డబ్బు తీసి బండికి పెడితే ఈ దారి మూసుకుపోతుంది.

అమ్మాలనుకుంటే బేరం పెట్టకముందే ఈసీ (ఆస్తిమీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) వరసగా ఉన్నాయో చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో పడిందేమో కూడా చూడాలి. విశాఖలో అడ్వాన్సు తీసుకున్నాక ఇది బయటపడి ఆగిపోయే బేరాలు తక్కువేం కాదు. అమ్మకం ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసుకుని కట్టాలి. అది మీ పాన్ మీద జమైందాకా వదలకండి.

ఇక అద్దె. అదే 80 లక్షల ఫ్లాట్‌కి నెలకు 20 వేలు వస్తే ఏడాదికి 2.4 లక్షలు, అంటే 3 శాతం. అమ్మగా చేతికొచ్చిన 75 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 4.87 లక్షలు. కాగితం మీద అమ్మకమే గెలుస్తుంది, దాచడానికేం లేదు. అద్దె ఆదాయంలో 30 శాతం నేరుగా తగ్గింపు ఉన్నా ఆ తేడా పూడదు. కానీ మోకాళ్లు సహకరించకో, ఇద్దరిలో ఒకరికి బాగోకో తిరిగొస్తే, అలాంటి ఫ్లాట్ మళ్లీ కొనాలంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు కొత్తగా పోతాయి. ఈలోగా పెరిగిన ధర అదనం. అద్దెలో తగ్గిన రాబడిని ఆ భయానికి కట్టే ప్రీమియం అనుకోండి. మొదటి రెండేళ్లూ అది కట్టడమే నయం.

ఒక మినహాయింపు. లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అయితే మీరు తిరిగొచ్చినా అక్కడ ఉండలేరు. దాన్ని అమ్మేయడమే మంచిది. గాజువాకలోనో, మధురవాడలోనో రెండు పోర్షన్ల సొంతిల్లు ఉన్నవాళ్లది మాత్రం అదృష్టం. ఒక పోర్షన్ అద్దెకిచ్చి, రెండోది చిన్నదైనా తాళం వేసి ఉంచుకోవచ్చు. కింద మనుషులుంటారు, పైన మీ సామాను, చిరునామా, వచ్చినప్పుడు ఒక మంచం ఉంటాయి. ఫ్లాట్‌లో ఒక గది తాళం వేసుకుని మిగతాది అద్దెకిద్దామంటే కుదరదు. అద్దె తగ్గుతుంది, గొడవలూ వస్తాయి.

చిరునామా చిన్న విషయం కాదు. ఆధార్, బ్యాంకు కేవైసీ, ఆరోగ్య బీమా, బండి ఆర్‌సీ అన్నీ ఒక శాశ్వత చిరునామాకే కట్టుబడి ఉంటాయి. ఇల్లు అమ్మితే ముందే అన్నగారింటికో, కూతురింటికో మార్పించుకోండి. పింఛను లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్‌లో ఇచ్చేయొచ్చు కాబట్టి అందుకోసం ఊరు రానక్కర్లేదు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకని సరిహద్దు దాటిన టోల్ రసీదులు, పెట్రోలు బంకు బిల్లులు పారేయకండి.

వ్యానా, ట్రైలరా?

వ్యాన్ అంటే మన దగ్గర ఎక్కువగా టెంపో ట్రావెలర్ మీద కట్టించేదే. ట్రైలర్ అంటే స్కార్పియోనో, ఇన్నోవానో వెనక లాగేది. ట్రైలర్‌కి నిజమైన సుఖం ఒకటుంది: దాన్ని ఒకచోట నిలిపి కారుతో బజారుకో ఆసుపత్రికో వెళ్లొచ్చు, ఇంజిన్ చెడితే ఇల్లు మెకానిక్ షెడ్డులో పడుకోదు. అక్కడితో దాని మంచి చాలావరకు అయిపోయింది. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా బస్సొస్తే ట్రైలర్‌ని రివర్సు చేయాలి. స్టీరింగు ఎటు తిప్పితే ట్రైలర్ దానికి వ్యతిరేకంగా పోతుంది. 750 కిలోలు దాటిన ట్రైలర్‌ని సొంత బ్రేకులు లేకుండా ఘాట్ దించకూడదు. బరువులో పదో వంతు హుక్కు మీద పడేలా సామాను సర్దకపోతే, వెనక బరువెక్కువై, హైవే మీద లారీ దాటిన గాలికి ట్రైలర్ తోకాడించడం మొదలెడుతుంది. నడుస్తుండగా అందులో మనుషులు కూర్చోకూడదు. అంటే నడుం వాల్చాలన్నా రోడ్డు పక్కన ఆపాల్సిందే. పైగా కారు కంపెనీ మాన్యువల్‌లో లాగే బరువు రాసి లేకపోతే, ప్రమాదం జరిగాక బీమా వాళ్లతో వాదించడానికి మీ దగ్గర కాగితమే ఉండదు.

అరవై దాటిన ఇద్దరికి వ్యానే మేలు. అందులోనూ సుమారు ఆరు మీటర్ల పొడవున్న 3350 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం, మి.మీ.లలో) బండి సందుల్లో తిరుగుతుంది, దాదాపు ఏడు మీటర్ల 4020లో విడి స్నానాల గది వస్తుంది. నెలల తరబడి ఉండేవాళ్లు 4020 తీసుకోవాలి. పొద్దున్నే మంచం మడిచి టేబులు వేసే పని పదో రోజుకి విసుగు, నెలకి నడుంనొప్పి.

పాత పసుపు బోర్డు ట్రావెలర్ చవగ్గా దొరుకుతుంది. దానికి పర్మిట్ రద్దు, పన్ను బకాయిల క్లియరెన్సు, వాహన తరగతి మార్పు అన్నీ చేయించాలి. లోపల సీట్లు పీకి మంచాలు వేసి ఆర్‌సీ మార్చకుండా తిరిగితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, బీమా క్లెయిమూ తిరస్కరిస్తారు. ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్లు "అదంతా మేం చూసుకుంటాం" అంటారు. పని మొదలుకాకముందే నక్షా పట్టుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని కలవండి. ప్రైవేటు క్యాంపర్ వ్యాన్‌గా ఆర్‌సీ వస్తుందా, ఏ కాగితాలు కావాలి అని అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి. లైసెన్సు సంగతి కూడా చూసుకోండి: 55 దాటాక రెన్యువల్ అయిదేళ్లకే ఇస్తారు, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి.

బరువు, నీళ్లు, కరెంటు

లోపల ఏం పెట్టినా కాటాకి లెక్క చెప్పాలి. 150 లీటర్ల నీళ్లు 150 కిలోలు, ప్లైవుడ్ సామాను 350, లిథియం బ్యాటరీ 50, రెండు సోలార్ పలకలు 56, ఏసీ 35, నిండు సిలిండరు 30, ఇద్దరు మనుషులు 140, బట్టలూ గిన్నెలూ 200. వెయ్యి కిలోలు దాటింది. అన్నీ నింపి కాటా వేయించి, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకి లోబడి ఉందో చూడండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించాలి. ట్యాంకూ వంటగట్టూ ఒకే పక్క పెడితే బండి ఆ పక్కకి లాగుతుంది.

చెక్కలో పార్టికల్ బోర్డు వద్దే వద్దు, మన తేమకి ఉబ్బిపోతుంది. 710 గ్రేడ్ మెరైన్ ప్లై, అదీ 12 మి.మీ. చాలు. అల్యూమినియం ఫ్రేముని ఇనుప బాడీకి నేరుగా బిగిస్తే ఉప్పుగాలిలో ఆ అతుకు దగ్గరే పొడిపొడిగా తినేస్తుంది. మధ్యలో రబ్బరు వాషరుండాలి. పైకప్పుకి కొట్టే ప్రతి స్క్రూ రేపటి కారుడే. సోలార్ పలకల్ని పీయూ సీలెంటుతో అంటించి, తప్పనిచోట బ్యుటైల్ టేపు (నీరు కారనివ్వని జిగురు పట్టీ) మీద బిగించండి.

కరెంటు ఇలా పడుతుంది. పన్నెండు వోల్టుల 50 లీటర్ల ఫ్రిజ్ రోజుకి 0.6 యూనిట్, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పన్నెండు గంటలకి 0.7, లైట్లూ ఫోన్లూ మిక్సీ 0.3, ఇండక్షన్ మీద రెండు పూటల వంట 1.2. మొత్తం 3 యూనిట్లకి కాస్త లోపు. పైకప్పు మీద 540 వాట్ల పలకలు రెండు పెడితే ఎండరోజున 4 యూనిట్ల దాకా వస్తుంది. 25.6 వోల్టుల 200 ఏహెచ్ బ్యాటరీ 5 యూనిట్లు దాస్తుంది. ముక్కాలు టన్ను ఏసీ రాత్రంతా వేస్తే అదొక్కటే 3-4 యూనిట్లు తినేస్తుంది. మే నెలలో ఎక్కడో ప్లగ్గు దొరికే చోటే ఆగాలి, లేదా ఎత్తు మీదికి పోవాలి. బయటి సాకెట్‌కి పెట్టేముందు ఎర్తింగు చూసుకోండి, బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. సిలిండరు అరకి లోపలివైపు సందు ఉండకూడదు, అడుగున బయటికి రెండు కన్నాలుండాలి. గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదే నిలుస్తుంది.

మరుగుదొడ్డి గురించి అమ్మకందార్లు చెప్పనిది ఒకటుంది. 20 లీటర్ల క్యాసెట్‌ని (మరుగుదొడ్డి కింద ఉండే, బయటికి తీసి ఖాళీ చేసే పెట్టె) విదేశీ కాగితం అలవాటుకి లెక్కేశారు. మనం నీళ్లు వాడతాం, చెంబు చెంబుకీ లీటరు. ఇద్దరికి అది ఒకటిన్నర రోజుకే నిండుతుంది. 60-80 లీటర్ల స్థిరమైన ట్యాంకు కట్టించుకోవడం మేలు, దానికి వాల్వు మూడంగుళాలకి తగ్గకూడదు. ఖాళీ చేయడానికి మన దగ్గర విడి కేంద్రాలు అంతగా లేవు కాబట్టి తెలిసిన లాడ్జీనో, టూరిజం రిసార్టునో అడిగి వాళ్ల సెప్టిక్ ట్యాంకులో పోయాలి. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందు వేస్తే ఆ ట్యాంకులోని సూక్ష్మజీవులు చస్తాయి, రెండోసారి రానివ్వరు. డ్రైన్లలోకి, బీచ్ ఒడ్డున వదలడం నేరం, పైగా సిగ్గుచేటు.

అన్నీ కుదిరినా టులెట్ బోర్డు మాత్రం ఆర్‌సీ చేతికొచ్చి, బీమా పాలసీలో మార్పులు ఎక్కేదాకా పెట్టకండి. బాడీ పని చెప్పిన తేదీకి అవ్వదు, తనిఖీలో ఏదో ఒకటి మళ్లీ చేయమంటారు. అద్దెవాళ్లకి తాళాలిచ్చేశాక బండి ఆలస్యమైతే ఆ నెలలు మీరు బంధువులింట్లో గడపాలి. బయల్దేరడానికి డిసెంబరు రెండో సగం అనుకూలం. తుపాన్ల ఉధృతి చాలావరకు తగ్గుతుంది, కొత్తగా వేసిన సీలెంటుని మొదటి నెలలోనే కుండపోత వానలో పరీక్షించుకోవాల్సిన పని ఉండదు.