కాళ్ల వాపుకు ఆ నూనె కొనబోతున్నారా? దయచేసి ఆగండి

ఏ వాపైనా సరే, డాక్టరు అవసరమే లేకుండా తగ్గిస్తామంటూ రోజూ ఫోనులో ఊదరగొట్టే ఆ నూనె ప్రకటన మీరూ చూసే ఉంటారు. మా అమ్మకు రెండు చీలమండలూ వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడేది కాదు. నూనె తెప్పించాం, రాశాం, వాపు తగ్గలేదు.

అంతటితో ఆగితే ఇది రాసేదాన్ని కాదు. పడుకుంటే అమ్మకు ఆయాసం వస్తోందని, దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టడం లేదని వాళ్ల ‘ఆరోగ్య సలహాదారు’కు ఫోను చేసి చెప్పాను. వయసెంత, బీపీ ఉందా అని కూడా అడగలేదు. “ఒంట్లో విషం బయటికి పోతోందమ్మా, మంచి గుర్తే. ఇంకా గట్టిగా మర్దన చేయండి, రెండో సీసా పంపిస్తాను” అన్నాడు. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్న మనిషి గురించి అన్న మాట అది! ఆ రాత్రే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాం. గుండె వైఫల్యమన్నారు. పడుకోగానే వచ్చే ఆయాసం దానికి ముఖ్య లక్షణమట.

డబ్బు తిరిగి ఇమ్మంటే అదే గొంతు, “గుండె జబ్బుకు నూనె ఏం చేస్తుందండీ, ముందే డాక్టరుకు చూపించాల్సింది” అంది. డాక్టరు అవసరం లేదని రాసింది వీళ్లు కాదా? ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. డబ్బు పోతే పోయింది. ఆయాసపడుతున్న మనిషికి రెండో సీసా అంటగట్టబోయిన ఆ మాటను మాత్రం క్షమించలేను.

చీలమండల వాపు మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతున్నా వస్తుంది. కాలేయం చెడినా, కాలి సిరల్లో కవాటాలు పాడైనా, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రల వల్ల కూడా రావచ్చు. వీటిలో దేన్నీ పైపూత నూనె బాగుచేయదు.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి, నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని మర్దన చేయకండి; గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులకు 20 వారాలు దాటాక ముఖం, చేతులు ఉబ్బి తలనొప్పి వస్తే ఆ రోజే బీపీ చూపించాలి. వాళ్లు నూనెతో పాటు అంటగట్టే బిగుతు మేజోళ్లు కూడా కాలి ధమనులు సన్నబడినవారికి హాని చేస్తాయి. బీపీ మాత్ర మీద అనుమానం వస్తే మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టరునే అడగండి.