తెల్లగోడ వెలవెలబోతే: రంగు తగ్గించాలా, దీపాలు తగ్గించాలా?

ఈమధ్య ఒక హాలును కంప్యూటర్లో త్రీడీగా కట్టి రెండర్ చేశాను, అంటే దీపాలు పెట్టి దాని బొమ్మ తీయించాను. మూడు వైపులా తెల్ల గోడలు, తెల్ల సీలింగు, ఎడమ పక్కన ఒక కిటికీ. నిజమైన గ్లోబల్ ఇల్యూమినేషన్ (వెలుగు ఒకదానికి తగిలి మరోదాని మీదికి ఎగిరే తీరంతా) లెక్క కట్టే ఓపిక నా పాత కంప్యూటర్‌కు లేదు. అందుకని పాత కిటుకునే నమ్ముకున్నాను: కిటికీ దగ్గర ఒక ప్రధాన దీపం, నేలకు తగిలి పైకి లేచే వెలుగుకు బదులు కింద ఒక దీపం, మూలల్లో చీకటి పోగొట్టడానికి నీడ పడని ఫిల్ లైట్లు మూడు. సోఫా బాగా వచ్చింది. టేకు తలుపు ఇంకా బాగా వచ్చింది. గోడలు మాత్రం మాయమయ్యాయి. సీలింగు ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలైందో తెలియనంత తెల్లకాగితం.

తెల్లటి వాటికే ఈ గతి ఎందుకు పడుతుందో చూడాలంటే చిన్న కూడిక చాలు. గోడ మీద ఒకచోట ప్రధాన దీపం నుంచి 0.9, ఫిల్ లైట్లన్నీ కలిపి 0.3, కింది దీపం నుంచి 0.2 వెలుగు పడుతోందనుకుందాం. మొత్తం 1.4. సోఫా బట్ట అందులో సగమే తిప్పి పంపుతుంది కనుక 0.7 దగ్గర ఆగుతుంది. గోడ రంగును 1.0 అని పెట్టి ఉంటే 1.4 అంతా వెనక్కి వస్తుంది. తెర చూపగలిగేది 1.0 వరకే, ఆపైన ఉన్నదంతా తెగిపోతుంది. 1.1 ఉన్న చోటూ 1.4 ఉన్న చోటూ ఒకే తెలుపు. నిజమైన గదిలో నేల మీంచి లేచే వెలుగు కిటికీలోంచి వచ్చిన దానిలో భాగమే. మనం పెట్టే దొంగ దీపాలకు అలాంటి లెక్కాపత్రం ఏమీ లేదు, ఎన్ని పెడితే అంత కలుస్తుంది.

మొదటి మందు గోడ రంగును తగ్గించడం. చాలామంది దీన్ని చివరికి గానీ ముట్టుకోరు, తెల్లగోడ బూడిదరంగుకు తిరుగుతుందన్న భయంతో. కానీ పడ్డ వెలుగంతా తిప్పి పంపే గోడ లోకంలో లేదు. మామూలు తెల్ల పెయింట్ సుమారు 80 శాతం తిప్పి పంపుతుంది. పూర్వం ఇళ్లకు సున్నం వేసేటప్పుడు అందులో కాస్త నీలిమందు కలిపేవారు. దానివల్ల గోడ తిప్పి పంపే వెలుగు నిజానికి కొంచెం తగ్గుతుంది. అయినా పసుపు ఛాయ విరిగిపోవడంతో కంటికి ఇంకా తెల్లగా తోస్తుంది. తెలుపు అనేది పక్కనున్న వాటితో పోల్చుకుని కన్ను చేసే తీర్మానం. అందుకే 0.8 పెట్టడానికి జంకనక్కరలేదు.

ఇక్కడ ఒక బోల్తా ఉంది. ఇప్పటిదాకా వాడిన అంకెలు లీనియర్, అంటే వెలుగును ఉన్నదున్నట్టు కొలిచేవి. రంగును 0 నుంచి 255 వరకు రాసే తెర పద్ధతి ఎస్‌ఆర్‌జీబీ. లీనియర్ విలువ 0.8 అంటే ఎస్‌ఆర్‌జీబీలో 231. అలా కాకుండా 255లో 80 శాతం కదా అని 204 కొట్టేస్తే అది లీనియర్‌లో 0.6కు పడిపోతుంది, గోడ నిజంగానే మసకబారుతుంది. రంగు తగ్గిస్తే బూడిదగా వచ్చిందని వాపోయేవారిలో సగం మంది చేసిన పొరపాటు ఇదేనని నా అనుమానం.

రేపు మంచి యంత్రం కొని అసలు గ్లోబల్ ఇల్యూమినేషన్‌కే మారినా ఈ అలవాటు పనికొస్తుంది. నలువైపులా మూసి ఉన్న తెల్ల గదిలో వెలుగు గోడ నుంచి గోడకు తగులుతూ పోగవుతుంది. రంగు 0.8 అయితే ఆ మొత్తం దాదాపు 5 రెట్లు, 0.9 అయితే 10 రెట్లు.

అయితే రంగు ఒక్కటే సరిపోదు. 1.4ను 0.8తో గుణిస్తే 1.12, ఇంకా గీత దాటే ఉంది. కాబట్టి రెండో మందు, దీపాల సంగతి. సులువైన దారి, ఫిల్ లైట్లు ఏయే వస్తువుల మీద పడాలో చెప్పే జాబితాలోంచి గోడను తప్పించడం. త్రీడీ సాఫ్ట్‌వేర్లయిన త్రీడీఎస్ మ్యాక్స్‌లో, మాయాలో ఈ వీలు ఎప్పటి నుంచో ఉంది, బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోని రెండరింగ్ ఇంజను సైకిల్స్‌లోకి 4.0తో వచ్చింది. నాకు ఇది నచ్చదు. అదే వెలుగులో సోఫా మెరుస్తూ, దాని వెనక గోడ ముభావంగా ఉంటే రెండు ఫోటోలు అతికించినట్టు ఉంటుంది. తప్పించడం కన్నా తగ్గించడం మేలు. ఫిల్ మొత్తాన్ని 0.1కి, కింది దీపాన్ని 0.1కి దించాను. 1.1ను 0.8తో గుణిస్తే 0.88. గోడ తిరిగి వచ్చింది.

సీలింగు మీద మాత్రం ఒక తెల్ల మచ్చ మిగిలింది, ఫిల్ లైటు దానికి మరీ దగ్గరగా ఉన్నందుకు. దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లు. దీపాన్ని దూరం జరిపితే మచ్చ విచ్చుకుపోయింది.

మూలల్లో గీత ఇంకా బలహీనంగానే ఉంది, ఫిల్ లైట్లకు నీడ లేదు కనుక. దానికి యాంబియెంట్ అక్లూజన్ ఉంది, అంటే మూలల్లాంటి ఇరుకు చోట్లను కాస్త చీకటి చేసే లెక్క. 2002 నాటికే సినిమా గ్రాఫిక్స్‌లో కుదురుకున్న చిట్కా ఇది. దాన్ని ఫిల్ వెలుగు భాగానికే గుణించాలి. బొమ్మ మొత్తానికి గుణిస్తే కిటికీ ఎండ పడే చోట కూడా మూలలు పొగచూరిన వంటింటిలా తయారవుతాయి.

మూడోది టోన్ మ్యాపింగ్, అంటే ఎక్కువైన వెలుగు విలువలను తెర చూపగలిగే హద్దులోకి కుదించడం. అందరూ ముందు దీని మీదే పడతారు, ఒక్క మీటతో పని అయిపోతుందని. 2002లో రైన్‌హార్డ్ బృందం ప్రకటించిన సూత్రంలోని సరళమైన రూపాన్ని తీసుకుంటే విలువను, దానికి ఒకటి కలిపిన దానితో భాగిస్తాం. 1.4 కాస్తా 0.58 అవుతుంది, 1.1 అయితే 0.52. తేడా బతికింది, నిజమే. కానీ బాగానే ఉన్న సోఫా కూడా 0.7 నుంచి 0.41కి దిగింది. బ్లెండర్లో 2.80 నుంచి ఫిల్మిక్, 4.0 నుంచి ఏజీఎక్స్ అనే టోన్ మ్యాపింగ్ పద్ధతులను ముందే పెట్టి ఇస్తున్నారు. ఇవి ఇంతకన్నా నేర్పుగా వంపు తిప్పుతాయి. అయినా ఇంటివారు ఎంచుకున్న పెయింట్ రంగు ఉన్నదున్నట్టు కనిపించాలంటే ఇవి అడ్డే. పైగా 8 బిట్ల ఫైలుగా భద్రపరిచాక ఏ వంపూ పనిచేయదు, తెగిపోయింది తెగిపోయినట్టే. 1.0 పైన అంకెలను కూడా రాసుకునే ఫైలు రకం ఓపెన్ ఈఎక్స్ఆర్‌లో దాచుకుంటేనే 1.0 దాటినవి బతుకుతాయి. అన్నింటికన్నా పెద్ద చిక్కు, ఫిల్ లైట్లు గోడనంతా ఒకే మోతాదులో నింపేసి ఉంటే అందులో బయటికి లాగడానికి తేడా అంటూ ఏమీ ఉండదు. తెల్లకాగితం పోయి బూడిదకాగితం వస్తుంది.

అందుకే నా వరస: ముందు రంగు, తరువాత ఫిల్, మూలలకు అక్లూజన్, అప్పటికీ మిగిలిన దానికే టోన్ మ్యాపింగ్. ఈ హాలులో ఆ మిగిలినది కిటికీ కింద నేల మీద పడిన ఎండ పట్టీ ఒక్కటే. దాని విలువ 2 దాటింది. కాస్త తగ్గించి చూశాను, మబ్బు పట్టిన రోజులా అనిపించింది. మళ్లీ మొదటిలాగే ఉంచేశాను.